పాట దాచుకున్నాం, ఓటు మరిచాం

మదనపల్లెకు కొత్తగా ఎవరొచ్చినా మేం గొప్పగా చెప్పుకునే కథ ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మా ఊరొచ్చి బీటీ కాలేజీలో బస చేశాడనీ, జనగణమన పాడి వినిపించాడనీ, దాన్ని తానే ఇంగ్లీషులోకి మార్చి ఫిబ్రవరి 28న కాగితం మీద పెట్టాడనీ, మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిందనీ చెబుతాం. ఆగస్టు 15 వచ్చినా జనవరి 26 వచ్చినా స్థానిక పేజీల్లో ఈ కథ పడాల్సిందే. నాలాంటి వాళ్ళం దాన్నే అటు తిప్పీ ఇటు తిప్పీ రాస్తూ వచ్చాం. బడిపిల్లల వక్తృత్వ పోటీకి అంశం అదే. వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి ఉపన్యాసంలో మొదటి అయిదు నిమిషాలూ అదే.

కథ నిజమే. కాకపోతే ఆ స్వరాలు రాసిన మనిషే అంతకు ఏడాది పైచిలుకు ముందు ఇంకొక కాగితం రాసింది. ఈ దేశపు ఆడవాళ్ళకు ఓటు కావాలని బ్రిటిష్ ప్రభుత్వాన్ని అడిగిన వినతిపత్రం అది. దాని ఊసు మేం ఎత్తలేదు. పాటను మా ఊరి ఖాతాలో వేసుకున్నాం, ఓటును వదిలేశాం. మరుపు వల్ల జరిగి ఉంటే మన్నించవచ్చు. పాటతో మాకు పేచీ రాదు, నిలబడి పాడేస్తే సరిపోతుంది. ఓటు కథ మొదలుపెడితే మా ఇళ్ళలో ఏం జరుగుతోందో కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని నోరెత్తలేదు.

మేం అంటే ఎవరో కూడా చెప్పేస్తాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పాఠాలు చెప్పి, వార్తలు రాసి, సభలు జరిపి, నలుగురిలో పెద్దమనుషులం అనిపించుకున్న మగవాళ్ళం. నేనూ అందులో ఒకణ్ణి.

మార్గరెట్ కజిన్స్‌ని మేం సంగీతం తెలిసిన దొరసానిగా, టాగూరు పక్కన వినయంగా కూర్చున్న మనిషిగా బొమ్మ గీసి పెట్టుకున్నాం. ఆమె రెండుసార్లు జైలుకు పోయి మన దగ్గరికి వచ్చిన మనిషి. ఐర్లండులో రాస్‌కామన్ కౌంటీ, బాయిల్ అనే ఊళ్ళో 1878లో పుట్టింది. సంగీతంలో పట్టభద్రురాలు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఆడవాళ్ళ ఓటు కోసం ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ పెట్టింది. 1910లో లండన్ వెళ్ళి డౌనింగ్ స్ట్రీట్ కిటికీల మీద రాళ్ళు వేసి నెల రోజులు హాలోవే జైల్లో ఉంది. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి మళ్ళీ జైలుకు పోయింది. తుల్లమోర్ జైల్లో తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహార దీక్ష చేసింది. మా వక్తృత్వ పోటీల్లో ఏ ఆడపిల్లా ఈ రాళ్ళ సంగతి మాట్లాడగా నేను వినలేదు. మాట్లాడదు మరి, కంఠస్థం చెయ్యమని మేం రాసిచ్చే కాగితంలో అది ఉంటే కదా.

1915లో మార్గరెట్, ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఇండియాకు వచ్చారు. అనిబీసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల, అదే మా బీటీ కాలేజీ, పెట్టింది కూడా ఆ ఏడాదే. మా ఊరు అప్పుడున్న చిత్తూరు జిల్లా ఏర్పడి అప్పటికి నాలుగేళ్ళు. జేమ్స్ ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆ రోజుల్లో మదనపల్లెలో అబలా అభివర్ధినీ సమాజం అని ఆడవాళ్ళ సమాజం ఒకటి నడిచేది. ఊరి ఆడవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకునే ఇలాంటి చిన్న సమాజాలను చూసిన అనుభవంలోంచే దేశం మొత్తానికీ ఒక సంఘం ఉండాలన్న ఆలోచన పెరిగింది. 1917 మే 8న అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనిబీసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస దాన్ని భుజాన వేసుకున్నారు. తర్వాతి ఏడాది నుంచీ స్త్రీధర్మ అనే పత్రిక కూడా నడిపారు.

మదనపల్లె సమాజంలో చేరిన ఆ ఆడవాళ్ళెవరు? వకీళ్ళ ఇళ్ళవాళ్ళా, అయ్యవార్ల ఇళ్ళవాళ్ళా, ఎవరి అవ్వలు, ఎవరి మేనత్తలు? ఊరి చరిత్ర చెప్పే మా ఉపన్యాసాల్లో ఒక్క పేరు వినపడదు. వాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాసుకోగల కాలం ఒకటి ఉండింది. 1915లో పదిహేనేళ్ళున్న కొత్తకోడలు 1975లో డెబ్బయ్యయిదేళ్ళ ముసలమ్మ. ఇంటి అరుగు మీదే కూర్చుని ఉండేది. మా పెద్దలూ మేమూ ఆ రోజుల్లో టాగూరు పడుకున్న గది ఏదో తేల్చుకునే పనిలో ఉన్నాం. తెల్లవాళ్ళ పేర్లు మిగిలాయి, మనవాళ్ళ పేర్లు పోయాయి. ఆ నేరం తెల్లవాళ్ళది కాదు.

1917 చివర్లో భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు రాజకీయ సంస్కరణల మీద అభిప్రాయాలు వినడానికి దేశం తిరుగుతున్నాడు. ఆడపిల్లల చదువు గురించి చెప్పుకోవడానికి సమయమివ్వమని కజిన్స్ అడిగింది. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. సరే, రాజకీయమే అడుగుదామని ఆమె ఓటును వినతిపత్రంలోకి ఎక్కించింది. కొత్త సంస్కరణల్లో ఎవరెవరికి ఓటిస్తారో అందులో ఆడవాళ్ళనూ మనుషులుగా లెక్కవేయమన్నది దాని సారాంశం. డిసెంబరు 18న మద్రాసులో మాంటేగును కలిసిన బృందాన్ని సరోజినీ నాయుడు ముందుండి నడిపింది. హైదరాబాదులో పుట్టి, ముత్యాల గోవిందరాజులు నాయుడిని పెళ్ళాడి తెలుగింటికి కోడలైన మనిషి. ఆనాటికి బ్రిటన్‌లోనే ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటు లేదు. 1918 ఫిబ్రవరిలో ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళకు, అదీ షరతుల మీద వచ్చింది. అంటే తన గడ్డమీద ఇంకా దొరకని హక్కును కజిన్స్ మన వాళ్ళ కోసం అడిగింది. మాకు మాత్రం ఆమె పియానో ముందు కూర్చుంటేనే నచ్చింది.

ఆ తర్వాత ఓటర్లెవరో తేల్చడానికి సౌత్‌బరో కమిటీ వచ్చింది. దేశం నలుమూలల నుంచీ ఆడవాళ్ళు అర్జీలు పెట్టుకున్నా కాదు పొమ్మంది. ఇక్కడి ఆచారాలకు కుదరదు, ఇంకా సమయం రాలేదు అన్నది దాని తీర్పు. ఆ ఆచారాలకు కాపలా కాస్తూ ఉన్నది ఎవరయ్యా అంటే మా తాతలే. 1919లో సరోజినీ నాయుడు, అనిబీసెంట్, బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ లండన్ దాకా పోయి వాదించారు. పార్లమెంటు ఆ బరువును తన నెత్తిన పెట్టుకోకుండా రాష్ట్రాల శాసనమండళ్ళు తేల్చుకోవాలని చట్టంలో రాసింది. బ్రిటిష్ రాష్ట్రాల్లో అందరికంటే ముందు తేల్చింది మద్రాసు, 1921లో. అంటే మన చిత్తూరు జిల్లా కూడా అందులో ఉంది. స్విట్జర్లాండు ఆడవాళ్ళకు జాతీయ ఎన్నికల్లో ఓటు 1971లో వచ్చింది. వాళ్ళకంటే యాభై ఏళ్ళు ముందు మదనపల్లె ఆడవాళ్ళకు శాసనమండలి ఓటు దారి తెరుచుకుంది. ఈ ఒక్క మాట మా ఊళ్ళో ఏ బడి గోడ మీదైనా రాసి ఉందా? నేను చూడలేదు. రాయమని అడగనూ లేదు.

అయితే ఆ ఓటు ఎవరికి దక్కింది అన్నది వేరే సంగతి. శిస్తు కట్టేవాళ్ళకు, పన్ను కట్టేవాళ్ళకు, ఆస్తి ఉన్నవాళ్ళకు మాత్రమే అప్పట్లో ఓటు. మగవాళ్ళకు ఏ షరతో ఆడవాళ్ళకూ అదే షరతు. చూడ్డానికి సమానమే. పొలం ఎవరి పేరున ఉంది అని అడిగితే ఆ సమానం ఎంతో బయటపడుతుంది. పుంగనూరు ఒక జమీందారీ, కుప్పం వైపు కంగుంది ఇంకొక జమీందారీ. అక్కడ మగరైతుకే భూమి మీద పట్టు తక్కువ. ఇక అతని ఇంటి ఆడదాని పేరు ఏ కాగితం మీద ఉంటుంది? నాట్లేసేది ఆమె, కలుపు తీసేది ఆమె, పశువుల పేడ ఎత్తేది ఆమె. శిస్తు రసీదు మాత్రం అయ్య పేరున. కూలికి పోయే మాల మాదిగ ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు, వాళ్ళింటి మగవాళ్ళకే రసీదు లేదు. ఇక్కడ ఉద్యమాన్ని కూడా నేను వెనకేసుకు రాలేను. ముందు గుమ్మం దాటాలి, గది సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు ఆ చదువుకున్న తల్లులు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అని మహిళా సంఘాలు గట్టిగా అడగడానికి మరో పదేళ్ళు పట్టింది.

అడిగితే వచ్చింది వేరు. 1935 చట్టంలో బ్రిటిష్ వాళ్ళు ఆడవాళ్ళ ఓటు పెంచారు. ఎలా పెంచారంటే, ఆస్తి అర్హత ఉన్న మగవాడి భార్య అయితే ఓటు ఇస్తామన్నారు. చదవడం రాయడం వచ్చినా సరేనన్నారు. మన పల్లెల్లో చదువెక్కడిది, కాబట్టి మొగుడి భూమి మీదుగానే చాలామందికి ఓటు వచ్చింది. మొగుడికి భూమి ఉంటే పెళ్ళానికి ఓటు. ఇది వినగానే తెల్లవాడి తెలివి చూశారా అని మేం నవ్వుతాం. కాని ఆ తెలివిని పారేయకుండా ఇంటికి తెచ్చుకుని దాచుకున్నది మేమే. చట్టంలోంచి ఆ షరతు పోయి ఎన్నో ఏళ్ళయింది. మా ఇళ్ళలోంచి పోలేదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. మన రాజమండ్రి దుర్గాబాయి కూర్చున్న సభ రాసిన రాజ్యాంగం అది. ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఓటన్నది. 1951-52 ఎన్నికలకు ఓటర్ల జాబితా రాసేటప్పుడు దేశంలో ఒక విచిత్రం జరిగింది. పేరడిగితే ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అని చెప్పారే తప్ప సొంత పేరు చెప్పనివాళ్ళు లక్షల్లో తేలారు. అలా పేర్లు లేని ఎంట్రీలను ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళు జాబితా నుంచి పోయారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళే. మా వైపు పేర్లు చెప్పారు లెమ్మని మేం జబ్బలు చరుచుకుంటాం. ఎంత చెప్పినా ఆ పేర్ల పక్కనే భర్త పేరు అన్న గడి ఒకటి ఇప్పటికీ ఉంది. మగవాడి పేరు కింద భార్య పేరు మాత్రం నాకు కనబడలేదు. ఆ జాబితాను ఎన్నిసార్లు చేతిలో పట్టుకుని తిరిగామో లెక్కలేదు. ఆ తేడా ఒక్కసారీ కళ్ళకు ఆనలేదు.

ఇక మా వీధుల్లోకి వస్తాను. ఎన్నికలకు ముందు వారం. బూత్ చూసుకునే కుర్రాడు జాబితా పట్టుకుని ఇంటింటికీ వస్తాడు. గేటు దగ్గరే నిలబడి పిలుస్తాడు.

“సార్, మన ఇంట్లో ఎన్ని ఓట్లుండాయి?”

“అయిదుండాయి నాయనా.”

“అన్నీ మనకేనా సార్?”

“అట్లనే, చూస్తాంలే.”

ఈ ముక్కలు నడిచేటప్పుడు ఇంటి ఇల్లాలు వంటింట్లో ఉంటుంది. తల్లి వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఉంటుంది. డిగ్రీ చదివే కూతురు చేతిలో ఫోనుతో నడిమింట్లో ఉంటుంది. ముగ్గురికీ ఆ మాటలు వినబడతాయి. ఒక్కరినీ ఎవరూ అడగరు. ఆ కుర్రాడు అయిదు పేర్ల పక్కనా గుర్తు పెట్టుకుని పోతాడు. డబ్బు పంచే చోట అయితే కవరు కూడా ఇంటి యజమాని చేతికే, తలకింతని లెక్కగట్టి. ఆడవాళ్ళ ఓటు ధర కూడా ఆడవాళ్ళ చేతికి రాదు. పోలింగు రోజు పొద్దున అవ్వ చీర మార్చుకుని, “ఏంరా అబ్బయ్యా, దేనికెయ్యమంటావు?” అని కొడుకును అడుగుతుంది. కొడుకు గుర్తు పేరు చెబుతాడు. అదే మన సంప్రదాయం, ఇంట్లో మాట మీద ఉన్నారు, ఎంత కట్టుబాటు అని మేం మెచ్చుకుంటూ ఎన్నికల వ్యాసాలు రాశాం. కుటుంబం ఓట్లు, కులం ఓట్లు, ఊరి ఓట్లు అని అంచనాలు వేసేటప్పుడు మా కలాలకు తట్టని ఓట్లు ఒక్క ఆడవాళ్ళవే.

అవ్వ అడగడంలో అమాయకత్వం ఏమీ లేదని నాకు తర్వాత తర్వాత అనిపించింది. అడిగి, తల ఊపి, లోపలికి పోయి తనకిష్టమైన బటన్ నొక్కి వచ్చే అవ్వలు మా ఊళ్ళో తక్కువ లేరు. ఇంటికొచ్చి నువ్వు చెప్పినదానికే వేశానని చెబుతారు. ఆ అబద్ధం చెప్పించుకున్న ఇల్లు ఎలాంటి ఇల్లో ఆలోచించాల్సిన వాళ్ళం మేం.

పంచాయతీల కథ ఇంకా ఘోరం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకన్నది. మన రాష్ట్రం తర్వాత దాన్ని సగానికి పెంచింది. కాబట్టి మా మండలాల్లో సగం ఊళ్ళకు సర్పంచులు ఆడవాళ్ళే. విలేకరులుగా మేం ఏం చేశామో చెబుతాను, వినండి. మా ఫోన్లలో ఆ ఊరి సర్పంచ్ అని దాచుకున్న నెంబరు ఆమె మొగుడిది. ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు రాలేదంటే అతనికే ఫోను చేస్తాం. అతను చెప్పింది రాసి, కింద సర్పంచ్ ఫలానా అమ్మ చెప్పారని ఆమె పేరు పెడతాం. ఆమె ఆ మాట అననే లేదు. ఆ పేరు కింద ఆమె అననివి ఎన్ని అచ్చేశామో! శంకుస్థాపన ఫలకం మీద ఆమె పేరు, కొబ్బరికాయ కొట్టేది అతను, ఫొటోలో మధ్యన నిలబడేది అతను. గ్రామసభ తీర్మానాల పుస్తకాన్ని ఇంటికి పంపి సంతకం పెట్టించుకు రావడం మాకు తెలుసు. పుస్తకం మోసుకుపోయే మనిషి పేరు కూడా తెలుసు. తెలిసి వార్త రాయలేదు. రాస్తే రేపు ఆ ఊళ్ళో మనకు వార్తలెవరిస్తారు అన్నది మా లెక్క. ఈ మొగుళ్ళ పెత్తనం దేశమంతటా ఎంత పాకిందంటే కేంద్ర పంచాయతీరాజ్ శాఖే దీని మీద ఒక కమిటీ వేయాల్సి వచ్చింది.

కొందరు సర్పంచమ్మలు కుర్చీలో కూర్చున్నారు, పని నేర్చుకున్నారు, అధికారుల ముందు గొంతు పెంచారు. అలాంటివాళ్ళు నాకు తెలుసు. వాళ్ళను మేం ఏమన్నామో కూడా తెలుసు. గయ్యాళి అన్నాం. మొగుణ్ణి లెక్కచెయ్యదన్నాం. అవి అచ్చులో వేయలేదు, టీ బంకు దగ్గర అన్నాం. రిజర్వేషను మారి జనరల్ కాగానే ఆమెను మళ్ళీ ఎందుకు బలపరచలేదని ఏ పార్టీని అడగలేదు.

ఏకగ్రీవాలు మరొకటి. ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని సర్పంచ్ ఎవరో తేల్చేస్తారు. ఊరు బాగుపడుతుంది, కొట్లాటలుండవు, ప్రభుత్వం నజరానా ఇస్తుంది అని మేం దండిగా మెచ్చుకుని రాశాం. ఆ రచ్చబండ దగ్గర ఆడవాళ్ళు ఎంతమంది కూర్చున్నారు? ఏకగ్రీవం అంటే ఆ ఊళ్ళో ఆరోజు ఏ ఆడదీ ఓటు వేయలేదని అర్థం. మగవాళ్ళూ వేయలేదు కదా అంటారు. మగవాళ్ళు ముందే రచ్చబండ దగ్గర వేసేశారు. పేరు నిర్ణయించేశాక ఆమె చేత నామినేషన్ మీద వేలిముద్ర వేయించే దృశ్యాన్ని ప్రజాస్వామ్యం అని మేం ఫొటో తీసి పంపాం.

కుప్పం సంగతి చెబితే నొచ్చుకునేవాళ్ళు ఉంటారు, అయినా చెబుతాను. 1955లో నియోజకవర్గంగా తొలి ఎన్నిక జరిగిన నాటి నుంచీ కుప్పం ఒక్క మహిళను కూడా శాసనసభకు పంపలేదు. 1989 నుంచీ వరసగా ఎనిమిదిసార్లు చంద్రబాబు నాయుడే గెలిచారు, అందులో తప్పుపట్టేదేం లేదు, జనం వేశారు గెలిచారు. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళకు పైగా మరి? అప్పుడూ గెలిచినవాళ్ళంతా మగవాళ్ళే. మా వైపు మదనపల్లె 1999లో రాతకొండ శోభను గెలిపించింది. ఆ సంగతిని మేం గర్వంగా చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. టాగూరు వచ్చిపోయిన వారం గురించి వందేళ్ళు చెప్పుకుంటాం, ఓ ఆడమనిషి అయిదేళ్ళు మా ఎమ్మెల్యేగా ఉన్నది చెప్పుకోం.

తెల్లవారకముందే కుప్పం స్టేషన్‌కు పోయి చూడండి. బెంగళూరు బండి కోసం ఎంతమంది ఆడవాళ్ళు క్యారియర్లు పట్టుకుని నిలబడతారో. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడుకుంటూ పనులకు పోతారు. వాళ్ళలో పెళ్ళయి వచ్చినవాళ్ళు ఉంటారు, పుట్టింటి ఊళ్ళో పేరు తీసేసి అత్తగారి ఊళ్ళో పేరు ఎక్కనివాళ్ళు ఉంటారు. ఇల్లు మారితే పేరు మార్పించుకోవడానికి ఫారం 8 అని ఒకటుంది. దాన్ని నింపిపెట్టడానికి ఏ చదువుకున్నవాడూ ఆ ప్లాట్‌ఫారం మీద ఓ బల్ల వేసుకుని కూర్చోలేదు. మా మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ళ దగ్గరికీ పోలేదు, నీరుగట్టువారిపల్లెలో మగ్గాల పక్కన దారం చుట్టే ఆడవాళ్ళ దగ్గరికీ పోలేదు. సభకు జనం కావాలంటే మాత్రం వాళ్ళే గుర్తొస్తారు. డ్వాక్రా సంఘానికి ఓ ఫోను కొడితే బస్సు నిండుతుంది. ముందు వరసల్లో ఆడవాళ్ళు, వేదిక మీద మగవాళ్ళు. పార్టీ ఏదైనా ఈ ఏర్పాటు మారదు. ఆ వేదికల మీద స్వాగతం పలికిన గొంతుల్లో మా గొంతులూ ఉన్నాయి.

మార్గరెట్ కజిన్స్ తర్వాతి జీవితం గబగబా చెప్పేయాలి, లేకపోతే మళ్ళీ పాట దగ్గరే ఆపినట్టవుతుంది. గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేసింది. 1926లో ఆడవాళ్ళకు శాసనసభలకు పోటీ చేసే వీలు దొరకగానే కమలాదేవి చట్టోపాధ్యాయను మంగళూరులో నిలబెట్టడానికి వెన్నంటి ఉంది. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సదస్సు పెట్టించినవాళ్ళలో ఈమె ముందుంది. ఆ ఏడాదే ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టింది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు ఎదురుతిరిగి మాట్లాడినందుకు కజిన్స్ మళ్ళీ జైలుకు పోయింది. ఏ జైలో తెలుసా? వేలూరు. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. మూడు జైళ్ళలో ఒకటి మన గుమ్మం ముందే ఉంది. ఆమె 1954లో పోయింది. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఇప్పుడు లెక్కలు చూస్తే మా మొహాలు దాచుకోవాలి. 2024 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితాలో ఆడవాళ్ళు 2 కోట్ల 10 లక్షలు దాటారు. మగవాళ్ళు 2 కోట్ల 3 లక్షల పైచిలుకు. అంటే ఈ రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు ఆడవాళ్ళవి. 2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చి చట్టసభల్లో మూడో వంతు సీట్లు వాళ్ళకన్నది, జనగణన కావాలి, నియోజకవర్గాల పునర్విభజన కావాలి అని షరతు పెట్టింది. ఇంకా సమయం రాలేదని సౌత్‌బరో కమిటీ అన్నప్పుడు మన తాతలు ఊరుకున్నట్టే, ఈ షరతు దగ్గర మేమూ ఊరుకున్నాం. సంపాదకీయాల్లో హర్షం ప్రకటించాం. ఎప్పటి నుంచి అని ఎవరం అడగలేదు. సీట్లు వచ్చిన రోజున కూడా మేం ఇప్పటిలాగే ఉంటే, నీళ్ళ ట్యాంకరు కోసం ఎమ్మెల్యే భర్తకు ఫోను చేసే మొదటివాళ్ళం మేమే అవుతాం.

మగవాళ్ళంతా చెడ్డవాళ్ళని చెప్పడానికి ఇది రాయలేదు. చెడ్డవాళ్ళయితే గుర్తుపట్టి పక్కన పెట్టవచ్చు. మేం చదువుకున్నవాళ్ళం, కూతుళ్ళను ఇంజినీరింగుకు పంపినవాళ్ళం, మహిళా దినోత్సవానికి శాలువాలు కప్పినవాళ్ళం. ఇంతమంచివాళ్ళం కాబట్టే ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయని ఎవరైనా అడిగినప్పుడు అయిదని చెప్పడంలో మాకు తప్పు కనిపించలేదు.

తోటి విలేకరులారా, సర్పంచ్ అని రాసిపెట్టుకున్న నెంబరుకు ఈరోజే ఫోను చేసి, ఎత్తిన గొంతు మగవాడిదైతే ఆమెకు ఇవ్వమనండి. ఇవ్వనంటే ఆ వార్తే రాయండి. అయ్యవార్లారా, వచ్చే ఆగస్టు 15కి పిల్లలకు రాసిచ్చే కాగితంలో 1917 డిసెంబరు 18 కూడా చేర్చండి, డౌనింగ్ స్ట్రీట్ రాళ్ళను వదలకండి. పంచాయతీ ఎన్నికలు వస్తాయి, జాబితా పట్టుకుని కుర్రాడు గేటు దగ్గరికి వస్తాడు. ఇంట్లో ఎన్ని ఓట్లని అడుగుతాడు. నాకు ఒకటే ఉంది, మిగతావాళ్ళను పిలుస్తా, వాళ్ళనే అడగమని చెప్పండి.